చిన్న ట్రాక్టరుకు ప్యాలెట్ ఫోర్కులు కొనేముందు

సంపాదకులకు,

అయ్యా,

మామిడి కోతకు ఇంక రెండు నెలలే ఉంది. బంగారుపాళ్యం, తవణంపల్లె, దామలచెరువు చుట్టుపక్కల తోపుల్లో క్రేట్లు మోసే మనుషులు దొరకడం ఏటికేడాది కష్టమవుతోంది. అందుకని చిన్న ట్రాక్టర్లు ఉన్న రైతులు ముందు లోడరుకు బకెట్టు బదులు ప్యాలెట్ ఫోర్కులు తగిలించుకోవడానికి బేరాలు ఆడుతున్నారు. లోడరంటే ట్రాక్టరు ముందు బరువు ఎత్తే ఇనుప చేతులు, ప్యాలెట్ అంటే క్రేట్లు పేర్చే పీట, దాని కిందికి దూర్చి ఎత్తే ఎల్ ఆకారపు ఇనుప జతే ఫోర్కులు. మా ఊళ్లోనే ముగ్గురు వచ్చి నన్ను సలహా అడిగారు. ముగ్గురి నోటా వచ్చిన మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని టన్నుల ఫోర్కులు తీసుకుంటే మంచిది?" మూడేళ్ల కిందట నేనూ అదే ప్రశ్నతో బయలుదేరి రెండుసార్లు డబ్బు పోగొట్టుకున్నాను. ఆ ప్రశ్న ఎందుకు తప్పో, దాని బదులు ఏం అడగాలో మీ పత్రిక ద్వారా తోటి రైతులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా ట్రాక్టరు 24 హార్స్‌పవర్లది, ఫోర్ వీల్ డ్రైవ్. కొమ్మల కింద దూరుతుందని, చెట్ల మధ్య ఇరుకులో తిరుగుతుందని కొన్నాను. కొనే రోజున "ఎంత బరువు ఎత్తుతుంది?" అని అడిగితే అమ్మే కుర్రవాడు తడుముకోకుండా "750 కిలోలు" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. కాకపోతే ఆ 750 కిలోలు వెనక ఉండే త్రీ పాయింట్ లిఫ్టుది, అంటే రొటావేటరునో కల్టివేటరునో ఎత్తే లిఫ్టుది. చిన్న ట్రాక్టర్ల కరపత్రాల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది సాధారణంగా ఆ అంకే. ముందు లోడరు విడిగా బిగించే సరంజామా, దాని బలం వేరు. దానితోపాటు ఇచ్చిన పుస్తకం తిరగేస్తే, చేతులు పూర్తిగా పైకెత్తినప్పుడు పిన్నుల దగ్గర 420 కిలోలు అని ఒక పట్టికలో చిన్న అక్షరాలతో కనిపించింది. అసలు సంగతంతా "పిన్నుల దగ్గర" అన్న ఆ రెండు మాటల్లోనే ఉంది.

నిండు బిందెను నడుముకు ఆనించుకుని బావి నుంచి ఇంటిదాకా నడిచి వచ్చే మనిషి, అదే బిందెను రెండు చేతులూ చాచి పట్టుకోమంటే పది అడుగులు కూడా వేయలేదు. బిందె బరువు పెరగలేదు, ఒంటికి దూరమైందంతే. లోడరుకైనా అంతే. లోడరు చేతులు ట్రాక్టరు మీది కీలు నుంచి మొదలై, బకెట్టో ఫోర్కులో తగిలించే ముందు పిన్నుల దగ్గర ముగుస్తాయి. నా బండికి ఆ దూరం టేపుతో కొలిస్తే 150 సెంటీమీటర్లు వచ్చింది. ఆ పిన్నుల మీదే బరువు వేలాడదీస్తే 420 కిలోలు లేస్తాయి. కానీ ప్యాలెట్ మీద సరుకు పిన్నుల మీద కూర్చోదు. మన దగ్గర ఎక్కువగా కనిపించే 1200, 1000 మిల్లీమీటర్ల ప్యాలెట్‌ను 1200 ఉన్న వైపు నుంచి ఎత్తితే దాని నడిమధ్య భాగం ఫోర్కుల వీపు నుంచి 50 సెంటీమీటర్ల ముందుంటుంది. ఫోర్కులు తగిలించే ఫ్రేము మందం ఇంకో 10 వేసుకుంటే పిన్నుల నుంచి 60, కీలు నుంచి 210 సెంటీమీటర్లు. 420ని 150తో గుణించి 210తో భాగిస్తే 300 వస్తుంది. అంటే ఫోర్కులకు అసలు బరువే లేదనుకున్నా 420 కాస్తా 300 అయిపోయింది. ఇక ఫోర్కుల సొంత బరువు కూడా ఆ 300లోంచే పోవాలి. కాకపోతే అది సరుకుకన్నా పిన్నులకు దగ్గరగా ఉంటుంది కాబట్టి మొత్తం పోదు, కొంత తక్కువే పోతుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే, పది ఇరవై కిలోలు అటూ ఇటూ కావచ్చు. అయినా కొనేముందు చిత్తుకాగితం మీద ఈ లెక్క వేసుకోని రైతు నేను చేసిన పొరపాట్లే చేస్తాడు.

నా మొదటి పొరపాటు బకెట్టు పెదవికి బిగించే ఫోర్కులు. బకెట్టు విప్పే పని ఉండదు, రెండు స్క్రూలు తిప్పితే చాలు, ధర కూడా తక్కువ కాబట్టి అందరి కళ్లూ ముందు వాటి మీదే పడతాయి. ఇక్కడ రెండు నష్టాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. నూరు కిలోల బకెట్టు లోడరు మీదే ఉండిపోతుంది. ఆ పైన సరుకు బకెట్టు లోతు మేరకు, నా బకెట్టుకైతే దాదాపు 40 సెంటీమీటర్లు, ఇంకా ముందుకు జరుగుతుంది. లెక్క వేస్తే సరుకుకు మిగిలింది 150 కిలోల చిల్లర. రెండో రోజున ఎరువుల బస్తాల ప్యాలెట్ ఎత్తబోతే ఎడమ ఫోర్కు దగ్గర బకెట్టు పెదవి వంగి, ఆ ఫోర్కు కొన నాలుగు వేళ్లు కిందికి వాలింది. మట్టి తవ్వే పెదవికి రేకు మందమే బలం. దాని మీద రెండు చోట్ల పొడవాటి చేతులు బిగించి బరువు వేలాడదీస్తే అది తట్టుకోదు. ఆ వంపు సరిచేయించడానికి అయిన ఖర్చు ఫోర్కుల ధరలో సగం. పేడ, గడ్డి లాంటి తేలిక పనులకైతే అవి చాలు. ప్యాలెట్లకు మాత్రం వద్దనే చెబుతాను.

రెండో పొరపాటు ఇంతకన్నా పెద్దది. తెలివైన బేరం చేశాననుకోబట్టే పెద్దది. గోదాముల్లో బరువులెత్తే ఫోర్క్‌లిఫ్టు బండ్ల పాత సామాను, చెన్నై వైపు నుంచి వచ్చింది, ఒకచోట అమ్మకానికి ఉందని తెలిసి వెళ్లాను. ఒక్కో ఫోర్కు పక్కన 1250, 500 అని అచ్చు గుద్ది ఉంది. ఒక్క ఫోర్కు తన వీపు నుంచి 500 మిల్లీమీటర్ల దూరంలో 1250 కిలోలు మోస్తుందని దాని అర్థం. జత కలిస్తే రెండున్నర టన్నులు. నా లోడరు తన జన్మలో అందులో ఐదోవంతు కూడా ఎత్తదు కాబట్టి ఈ ఇనుముకు ఇక చావే లేదని సంతోషపడి కొన్నాను. 1070 మిల్లీమీటర్ల పొడవు, 100 వెడల్పు, 40 మందం. ఒక్కోటి 45 కిలోలకు పైనే. వాటిని తగిలించడానికి పట్టణంలో ఒక వెల్డింగు షాపులో చేయించిన ఫ్రేముతో కలిపి వేబ్రిడ్జి మీద తూచితే 140 కిలోలు తూగింది. ఆ 140 కిలోలు పిన్నులకు ఎంత దూరంలో ఉన్నాయో కూడా చూసి లెక్క వేస్తే 300లోంచి దాదాపు 120 పోయి సరుకుకు మిగిలేది 180 కిలోలు.

ఆ 180ని క్రేట్లలో చెబితేనే రైతుకు దాని నష్టం తెలుస్తుంది. 600, 400 మిల్లీమీటర్ల క్రేట్లు మామూలు ప్యాలెట్ మీద ఒక వరుసకు సరిగ్గా ఐదు పడతాయి. 20 కిలోల కాయతో, క్రేటు బరువుతో కలిపి ఒక్కోటి 22 కిలోలు. ప్యాలెట్ ఇంకో 20. రెండు వరుసలు పేర్చితే మొత్తం 240 కిలోలు. 140 కిలోల ఫోర్కులతో నా బండి రెండో వరుసను ఎత్తలేదు. ఒక్క వరుసతో, అంటే ఐదు క్రేట్లతో, తోపులోంచి ట్రాలీ దగ్గరికి తిరుగుతూ ఉంటే డీజిల్ కాలుతోంది, కూలీలు కూర్చుని నన్నే చూస్తున్నారు. ఇద్దరు మనుషులు మోసే బరువు కోసం ట్రాక్టరు ఎందుకని మా ఇంట్లో అడిగిన మాటకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

అది చాలదన్నట్టు ఆ ఫోర్కులు అరిగినవి కూడా. ఆయిలు మార్పించడానికి వెళ్లినప్పుడు మెకానిక్కు మందం కొలిచే వెర్నియర్ కాలిపరు తెచ్చి, నిలువు భాగంలో ఒకసారి, అడ్డంగా తిరిగే మడమ దగ్గర ఒకసారి పట్టి చూశాడు. పైన 40, మడమ దగ్గర 35. "అన్నా, ఇది వంపు కాడ బాగా అరిగిపోయిండాది, దీన్ని ఎవురు కొనమన్న్యారు?" అన్నాడు. ఫోర్కుల తనిఖీకి ఐఎస్ఓ 5057 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మడమ దగ్గర మందం పదో వంతు తగ్గితే ఆ ఫోర్కును పనిలోంచి తీసేయాలని అందులో ఉంది. పది శాతమే కదా అనిపించవచ్చు గానీ, వంపుకు తట్టుకునే బలం మందం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మందం పది శాతం తగ్గితే బలం ఇరవై శాతం దాకా పోతుంది. ఫోర్కును నేలకు రాస్తూ తోలే అలవాటు వల్లే ఆ మడమ అరుగుతుంది. పాతవి కొనేవారు అక్కడే చూడాలి. రంగు కొత్తగా వేసి ఉంటే గీకి చూడాలి, వెంట్రుకంత చీలిక కనిపించినా వదిలేయాలి. ఇంకొక మాట. ఫోర్కులు వేడిచేసి పదును పట్టిన ఉక్కుతో చేస్తారు. ఫ్రేముకు కదలకుండా ఉంటుందని వాటిని వెల్డింగు చేయిస్తే ఆ పదును పోయి, రంధ్రం వేయిస్తే ఆ చోటు బలహీనపడి, అక్కడే విరిగే ప్రమాదం ఉంది. మా వైపు వెల్డింగు షాపుల్లో ఈ పని అడిగిన వెంటనే చేసిపెడతారు. చేయవద్దని చెప్పాల్సింది మనమే.

బరువైన ఫోర్కుల వల్ల తగ్గేది క్రేట్లు మాత్రమే అయితే ఇంత పొడుగున రాసేవాణ్ణి కాను. ఆ సీజన్‌లోనే ఒక సాయంత్రం దిన్నె మీది తోపులోంచి తోతాపురి కాయల ప్యాలెట్‌తో కిందికి దిగుతున్నాను. ముందుకే దిగుతున్నాను, అదీ నా తప్పే. కుడి పక్కన చిన్న గుంతలో ముందు చక్రం దిగగానే సీటు కింద బండి తేలికైనట్టు అనిపించింది. వెనక్కి తిరిగి చూస్తే ఎడమ వెనక చక్రం నేలకు బెత్తెడు పైన గాలిలో తాపీగా తిరుగుతోంది. బ్రేకు తొక్కాను. బండి ఆగలేదు. ఈ ట్రాక్టర్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి, ఆ చక్రాల మీద బరువే లేనప్పుడు బ్రేకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అదృష్టం కొద్దీ ఫోర్కులు నేలకు మూరెడు ఎత్తులోనే ఉన్నాయి కాబట్టి లివరు నెట్టి వెంటనే దించేయగలిగాను. ఫోర్కుల కొనలు మట్టిలో గుచ్చుకుని బండి నిలబడింది. ఐదు క్రేట్ల కాయలు దిన్నె కిందిదాకా దొర్లాయి. దెబ్బలు ఎవరికీ తగల్లేదు.

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే కారణాలు ఒక్కొక్కటే తెలిశాయి. ట్రాక్టరుకు నాలుగు చక్రాలు ఉన్నా అది నిజంగా కూర్చునేది మూడు చోట్లే. ముందు ఇరుసు మధ్యలో ఒకే పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి, రెండు వెనక చక్రాలు, ఆ పిన్ను కలిసి మూడు రాళ్ల పొయ్యి లాంటి ఆసరా అవుతాయి. ముందు బరువు పెరిగేకొద్దీ మొత్తం భారం ఆ ఒంటి రాయి వైపు జరుగుతుంది. అక్కడ పొయ్యి మొన సన్నం కాబట్టి కొద్దిపాటి వాలుకే బండి పక్కకు ఒరుగుతుంది. సరుకును పైకెత్తి తోలితే ఇంకా తొందరగా ఒరుగుతుంది. దీనికి విరుగుడు కావడిలోనే ఉంది. ఒక పక్క కుండ నింపి రెండో పక్క ఖాళీగా కావడి ఎత్తేవాడు ఎవడూ లేడు. లోడరు పని చేసే ప్రతిసారీ వెనక లిఫ్టుకు ఎదురు బరువు ఉండి తీరాలి. నేను 200 లీటర్ల పాత డ్రమ్మును సగానికి కోయించి, లిఫ్టుకు తగిలే పిన్నులు పెట్టించి కాంక్రీటు పోయించాను. కాంక్రీటు లీటరుకు దాదాపు 2.4 కిలోలు ఉంటుంది కాబట్టి సగం డ్రమ్ము 240 కిలోలు అయింది. పూర్తి డ్రమ్ము పోయిస్తే 480 అవుతుంది, చిన్న బండికి అది మళ్లీ అతి. టైర్లలో నీళ్లు నింపితే చాలదా అని చాలామంది అడుగుతారు. టైర్లలో నీళ్లు వెనక చక్రాలను నేలకు అదిమిపడతాయి, అది మంచిదే. కానీ వెనక ఇరుసుకు అవతల వేలాడే బరువు మాత్రమే ముందు ఇరుసు మీది భారాన్ని తగ్గిస్తుంది. ఇక వాలులో సరుకు ఎప్పుడూ ఎగువ వైపే ఉండాలి. ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు రివర్సులో. ఫోర్ వీల్ డ్రైవ్ వేసి ఉంచితే బ్రేకు పట్టు ముందు చక్రాలకు కూడా అందుతుంది.

ఇప్పుడు నా బండికి ఉన్నవి 900 మిల్లీమీటర్ల పొడవు, 80 వెడల్పు, 30 మందం ఉన్న కొత్త ఫోర్కులు. తేలికపాటి ఫ్రేముతో కలిపి 65 కిలోలు. అదే లెక్కలో సరుకుకు 248 కిలోలు మిగిలాయి. అంచుదాకా వెళ్లడం ఇష్టం లేక రెండో వరుసలో ఒకటి తగ్గించి తొమ్మిది క్రేట్లు పెడుతున్నాను. ఐదు తొమ్మిది కావడానికి ట్రాక్టరు మారలేదు, లోడరు మారలేదు. ఇనుము తగ్గిందంతే. ఫోర్కు పొడవు సరుకు లోతులో మూడింట రెండు వంతులకు తక్కువ కాకుండా ఉంటే చాలు కాబట్టి 1000 మిల్లీమీటర్ల ప్యాలెట్‌కు 900 పుష్కలం. ఇంకా పొడవైతే కొనలు ప్యాలెట్ దాటి బయటికి వచ్చి వెనకున్న క్రేట్లను పొడుస్తాయి, చెట్ల మధ్య మళ్లేటప్పుడు మొదళ్లకు తగులుతాయి. ఫోర్కులు ఫ్రేము కడ్డీ మీద అటూ ఇటూ జరిగేవిగా, జరిపాక లాకు పడేవిగా ఉండాలి. కొక్కేలు తగిలే కడ్డీ కొలతలకు ఐఎస్ఓ 2328లో తరగతులు ఉన్నాయి. టన్ను లోపు బరువు ఎత్తే బండ్లకు ఒకటో తరగతి, ఆ పైన రెండున్నర టన్నుల దాకా ఎత్తేవాటికి రెండో తరగతి. చిన్న ట్రాక్టరుకు ఒకటో తరగతే ఎక్కువ. ఫ్రేమును ఆ కొలతకు చేయిస్తే రేపు ఫోర్కులు మార్చుకోవాలన్నా సులువు.

ఒక్క చిటికెలో మార్చుకునే క్విక్ హిచ్ పెట్టించమని చాలామంది సలహా ఇచ్చారు. పెద్ద లోడర్లకు అది వరమే. చిన్న లోడరుకు మాత్రం ఆ హిచ్చే ముప్పై కిలోల పైన ఉంటుంది, పైగా సరుకును ఇంకో జానెడు ముందుకు నెడుతుంది. బకెట్టు విప్పి పిన్నులతో ఫోర్కులు బిగించడానికి నాకు అరగంట పడుతుంది. ఆ అరగంట మిగుల్చుకోవడానికి ప్రతి విడతలో రెండు క్రేట్లు పోగొట్టుకోవడం నాకు నచ్చలేదు. బరువు ఎత్తడం లేదని ఆయిలు ఒత్తిడిని హద్దులో ఉంచే హైడ్రాలిక్ రిలీఫ్ వాల్వు స్క్రూ బిగించి ఒత్తిడి పెంచే మెకానిక్కులు కూడా ఉన్నారు. దానితో పంపు, గొట్టాలు, ముందు ఇరుసు ఒకటి తర్వాత ఒకటి పోతాయి.

వీపు వైపు ఎత్తైన కంచె లేని ఫ్రేము కొనకూడదు. మన లోడర్లలో చాలావాటికి ఫోర్కులను సమంగా ఉంచే ఏర్పాటు లేదు. చేతులు పైకి లేచేకొద్దీ ఫోర్కుల కొనలు ఆకాశం వైపు తిరుగుతాయి, డ్రైవరు ప్రతి అడుగుకూ రెండో లివరుతో సరిచేస్తూ ఉండాలి. ఒక్క క్షణం మరిచిపోతే మందు డ్రమ్మో పాతర గడ్డి (సైలేజి) మోపో దొర్లుకుంటూ వచ్చి పడేది డ్రైవరు ఒళ్లోనే.

ఇక కోత రోజుల్లో నేను కళ్లారా చూసే ఒక పని గురించి చెప్పకుండా ఉండలేను. చిటారు కొమ్మల కాయ అందడం లేదని ప్యాలెట్ మీద కూలీని నిలబెట్టి, చేతికి చిక్కం కర్ర ఇచ్చి లోడరుతో పైకెత్తుతున్నారు. ప్యాలెట్ ఫోర్కుల మీద ఊరికే కూర్చుని ఉంటుంది, దాన్ని పట్టి ఉంచేది ఏదీ లేదు. పైన మనిషి కాయ కోసం ఒక పక్కకు వంగితే ప్యాలెట్ జారుతుంది. ఒక్క హైడ్రాలిక్ గొట్టం పగిలితే చేతులు ఒక్కసారిగా కింద పడతాయి. మా తోపుల మీదుగా కరెంటు తీగలు పోతున్న చోట్లు కూడా తక్కువేమీ కావు. కోసే కాయ ఎంతదైనా ఈ పని చేయించకూడదు. నిచ్చెన ఉంది, పొడుగు చిక్కం ఉంది.

నా విన్నపాలు రెండే. లోడర్లు, ఫోర్కులు అమ్మేవారు, తయారుచేసే షాపులవారు ప్రతి జతతోపాటు రెండు అంకెలు కాగితం మీద రాసి ఇవ్వాలి: ఫ్రేముతో సహా ఫోర్కుల బరువు ఎంత, ఈ లోడరు మీద 500 మిల్లీమీటర్ల దూరంలో పూర్తి ఎత్తుకు లేచే సరుకు ఎంత. ఆ రెండో అంకెను లోడరు చేతి మీద రేకు పలకగా బిగిస్తే ఇంకా మంచిది, బండి నడిపేది ఎప్పుడూ కొన్నవాడే కాదు కదా. రెండోది, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, తిరుపతిలో వ్యవసాయ కళాశాల ఉంది. వారి సహాయంతో వ్యవసాయ శాఖ కోతకు ముందు బంగారుపాళ్యం మార్కెట్ యార్డులో ఒక్క రోజు ప్రదర్శన పెట్టాలి. ఒకే ట్రాక్టరుకు బరువు ఫోర్కులు ఒకసారి, తేలిక ఫోర్కులు ఒకసారి, వెనక ఎదురు బరువుతో ఒకసారి, లేకుండా ఒకసారి తగిలించి క్రేట్లు ఎత్తి చూపిస్తే చాలు. వెనక చక్రం గాలిలోకి లేవడం ఒకసారి కళ్లతో చూసిన రైతుకు ఆ తర్వాత ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదు.

నేను కొన్న ఆ పాత ఫోర్కులను అమ్మినవారు వెనక్కి తీసుకోలేదు. అవి మా పశువుల కొట్టం గోడకు ఆనించి ఉన్నాయి. వాటిని ఎవరికీ అమ్మను. పాత సామాను కొనబోయే రైతులు వెర్నియరు తెచ్చుకుని మడమ అరుగుదల ఎక్కడ, ఎలా కొలవాలో వాటి మీద చూసుకుని వెళ్లవచ్చు. మా ఊరివాళ్లు ఇద్దరు ఇప్పటికే చూసి వెళ్లారు.

ఇట్లు,
ఒక మామిడి రైతు,
బంగారుపాళ్యం మండలం, చిత్తూరు జిల్లా